తిత్లీ వచ్చాక గిట్‌కి మారాం

మాది కాశీబుగ్గ. నేనూ మా తమ్ముడూ జీడిపప్పు వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంటాం. మొదట్లో మా వెర్షన్ కంట్రోల్ (కోడ్‌లో ఏ మార్పు ఎప్పుడు చేశామో దాచుకునే పద్ధతి) అంటే ఫోల్డర్ల పేర్లే: ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే అసలు ఫైనల్’. నవ్వకండి, మీ డెస్క్‌టాప్ మీదా ఉంటాయి.

తర్వాత ఆ పని చేసే సబ్‌వెర్షన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాం. మార్పుల చరిత్రంతా విశాఖలోని ఒకే సర్వర్‌లో. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. పక్కింటి జనరేటర్‌తో ల్యాప్‌టాప్ చార్జ్ చేసుకుని కోడ్ రాశాను గానీ, కమిట్ చేద్దామంటే, అంటే మార్పును చరిత్రలో నమోదు చేద్దామంటే, సర్వర్ అందదే! రోజుల తరబడి చేసిన మార్పులన్నీ ఒకే కుప్పగా ఎక్కించాల్సి వచ్చింది. జీఎస్టీ లెక్కలో తప్పు ఎక్కడ దూరిందో వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అందుకే గిట్‌కి మారాం. అదీ వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేరే, కానీ అందులో చరిత్ర మొత్తం మన ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. నెట్ లేకున్నా కమిట్ అవుతుంది, సిగ్నల్ వచ్చాక పుష్ చేస్తే, అంటే సర్వర్‌కి పంపిస్తే సరి. మెర్క్యూరియల్ అనే మరో సాఫ్ట్‌వేర్ కూడా ఇంతే. నన్నడిగితే దాని కమాండ్లే సులువు. కానీ ఎక్కడైనా ఇరుక్కుంటే అడగడానికి గిట్ తెలిసినవాళ్లే దొరుకుతారు.

తమ్ముడు మాత్రం పెద్ద పెద్ద ఫొటోషాప్ ఫైళ్లకు ఇంకా సబ్‌వెర్షనే వాడతాడు. లాక్ వేసుకుంటే ఆ ఫైల్లో నేను వేలు పెట్టలేనని వాడి ధీమా.