భరణానికి రక్షణగా టర్మ్ పాలసీ: న్యూజెర్సీలో నా విడాకుల అనుభవం

సెటిల్‌మెంట్ మాట్లాడుకునేటప్పుడు అందరి దృష్టీ నెలకి ఎంత, ఎన్నేళ్లు అన్నదాని మీదే ఉంది. ఆయనకేమైనా అయితే పిల్లల సంగతేంటి అని అడిగింది మా లాయర్ ఒక్కరే. ఫోన్లో చెప్తే అమ్మ "అశుభం మాట్లాడకే" అంది. కానీ న్యూజెర్సీ చట్టం 2ఎ:34-25 సెక్షన్ ప్రకారం ఇచ్చే మనిషి చనిపోతే భరణం ఆగిపోతుంది, దానికి రక్షణగా లైఫ్ ఇన్సూరెన్స్ పెట్టమని కోర్టు ఆదేశించవచ్చని కూడా అందులోనే ఉంది.

ఆయన, ఆఫీసు గ్రూప్ పాలసీలో నీ పేరు ఉంచుతాలే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఉద్యోగం పోతే మామూలుగా ఆ కవరేజీ కూడా పోతుంది, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ల ఉద్యోగాలు ఎంత గ్యారంటీయో మనకి తెలిసిందే. పైగా కంపెనీ పాలసీలు ఎరిసా అనే ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి, అక్కడ ఫారంలో ఎవరి పేరుంటే డబ్బు వాళ్లకే వెళ్తుంది. 2001లో ఎగెల్‌హాఫ్ కేసులో విడాకులైనా భర్త ఫారంలో పేరు మార్చలేదు కాబట్టి, ఆయన పోయాక అమెరికా సుప్రీంకోర్టు తీర్పు మాజీ భార్య వైపే వచ్చింది. అదే లెక్కన రేపు ఆయన నా పేరు తీసేస్తే నేను కోర్టుల చుట్టూ తిరగాలి.

అందుకే ఆయన మీద విడిగా టర్మ్ పాలసీ, అంటే ఇన్నేళ్లకని తీసుకునే లైఫ్ ఇన్సూరెన్స్, తీసుకుని, ఓనర్‌గా నేనే ఉండాలని పట్టుబట్టాను. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఓనర్ మనమైతే మన సంతకం లేకుండా పేర్లు మారవు, ప్రీమియం కట్టకపోతే నోటీసు మనకే వస్తుంది. ప్రీమియం నేను కడతాను, ఆ మేరకు భరణంలో కలిపి రాయించాం. ఆయన సంతకం, మెడికల్ టెస్టులు మాత్రం తప్పవు. "నా చావు కోసం చూస్తున్నావా" అన్నారు, చాలా బాధేసింది. పిల్లల చదువు కోసమని చెప్పాక టెస్టులకి వెళ్లారు. షుగర్ ఉందని తేలి ప్రీమియం పెరిగింది.

మైనర్ పిల్లల పేరు నేరుగా పెట్టకూడదని కూడా అప్పుడే తెలిసింది, కంపెనీ డబ్బు వాళ్ల చేతికివ్వదు. అందుకే డబ్బు అందుకునేవాళ్లుగా మొదట నా పేరు, తర్వాత పిల్లల ట్రస్టు, దానికి ట్రస్టీగా మా అన్నయ్య. పాలసీ లేకుండా పోతే ఆ మొత్తాన్ని ఆయన ఆస్తి నుంచి రాబట్టుకునే క్లాజు కూడా వేయించాం.

ఇక్కడ చైల్డ్ సపోర్ట్, అంటే పిల్లల పోషణకిచ్చే డబ్బు, మామూలుగా 19 ఏళ్లకి ఆగుతుంది, కాలేజీలో ఉంటే అడిగి 23 దాకా పొడిగించుకోవచ్చు. ఆ లెక్కతోనే 20 ఏళ్ల పాలసీ తీసుకున్నాం, చెల్లించాల్సింది తగ్గేకొద్దీ కవరేజీ కూడా తగ్గించుకోవచ్చని అగ్రిమెంటులో రాసుకున్నాం.