నాన్న చేతికి నప్పేది

శనివారం. ఎండ ముదరకముందే నాన్నని ఆటో ఎక్కించి విశాఖ వన్‌టౌన్ నుంచి ద్వారకానగర్ తీసుకెళ్లాను, కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ చూడ్డానికి. ఎప్పట్నించో నా పోరు ఇది. "చీపురుందిగా తల్లీ" అనేది ఆయన జవాబు. చీపురుంది, వంగడానికి నడుమే లేదు. డెబ్బై దాటాయి, మోకాళ్లు రెండూ అరిగాయి, కుడి బొటనవేలి మొదట్లో ఎప్పుడూ సలుపు. పనమ్మాయి రాని రోజున ఊరుకుంటారా అంటే ఊరుకోరు. ఆ వీధిలో పొద్దున్న తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి నల్లటి నుసి పేరుకుంటుంది. కొండచీపురు వేస్తే అందులో సగం గాల్లోకి లేచి, ఆ రాత్రంతా ఆయన దగ్గుతూనే ఉంటారు.

ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ లేక కాదు. టై కట్టుకున్న కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి అమ్మే రోజుల్లో అమ్మ ముచ్చటపడి కొన్నది అటక మీద ఉంది. గొట్టం, చక్రాలు, బారెడు వైరు. దాన్ని దించడానికే ఇంకో మనిషి కావాలి.

ఆటోలో నాన్నకి స్పాంగ్లర్ కథ చెప్పాను. అమెరికాలో ఓహయో రాష్ట్రంలో ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు, ఉబ్బసం మనిషి. దుమ్ము పడక, 1907లో ఫ్యాను మోటారుకి చీపురు కర్ర, దిండు గలీబు తగిలించి దుమ్ము పీల్చే యంత్రం కట్టుకున్నాడు. మరుసటి ఏడు పేటెంట్ వచ్చింది. ఆ హక్కులే హూవర్ వాళ్లు కొనుక్కున్నారు. "అయితే ఆయనదీ నా దగ్గే" అన్నారు నాన్న. కాస్త మెత్తబడ్డట్టే అనిపించింది.

షాపులో కుర్రాడు ఏది ఎంత గట్టిగా పీలుస్తుందో కిలోపాస్కల్స్ లెక్క మొదలుపెట్టాడు. ముందు ఆయన చేతికివ్వు బాబూ అన్నాను. మొదటిది మూడు కిలోల పైచిలుకు. నాన్న ఒక్కసారి ఎత్తి, "ఏటమ్మా ఇది, తూకం రాయిలా ఉంది" అని తిరిగిచ్చేశారు. బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడుందన్నది కూడా చూడాలి. వీటిలో చాలావాటికి మోటారు, బ్యాటరీ, చెత్త డబ్బా మూడూ పిడి దగ్గరే ఉంటాయి. నేల మీద తోస్తున్నంతసేపూ పర్వాలేదు, బూజు కోసం పైకెత్తితే భారమంతా మణికట్టు మీదే.

ఇంకొకటి తేలిగ్గానే ఉంది కానీ మీట నొక్కి పట్టుకున్నంతసేపే తిరుగుతుంది. బ్యాటరీ ఆదా అవుతుందన్నాడు కుర్రాడు. సలిపే వేళ్లతో పావుగంట నొక్కి పట్టుకోవడం మాటలా? ఒకసారి నొక్కితే ఆన్, ఇంకోసారి నొక్కితే ఆఫ్ అయ్యేవి మాత్రమే చూపించమన్నాను. సగం అక్కడే పోయాయి.

చెత్త డబ్బా తెరిచి చూపిస్తానని కుర్రాడు చెయ్యి చాపాడు. వద్దని నాన్ననే తెరవమన్నాను. ఒకదాని క్లిప్పు ఆయన బొటనవేలికి లొంగనే లేదు. అది ఎంత పీల్చేదైతే ఏం, నిండిన డబ్బా ఖాళీ చేయడానికి ఆయన నా కోసం ఆదివారం దాకా ఎదురుచూడాలి.

అట్టపెట్టె మీద ఒక ఛార్జింగ్‌కి అరవై నిమిషాలని రాసి ఉంటుంది. అది తక్కువ వేగం మీద మాట. పూర్తి వేగం పెడితే చాలావాటికి పది నిమిషాలు గగనం. రెండు గదుల ఇంటికి మామూలు వేగం చాలు కాబట్టి దాని గురించి బుర్ర పాడుచేసుకోలేదు. బ్యాటరీ ఊడి వస్తుందా లేదా అని మాత్రం గట్టిగా అడిగాను. లిథియం బ్యాటరీ కొన్నేళ్లకి నీరసపడుతుంది, మార్చే వీలు లేకపోతే మిషన్ మొత్తం అటకెక్కాల్సిందే. నీళ్ల ట్యాంకుతో తడిగుడ్డ కూడా పెట్టేది ఒకటి అంటగట్టబోయాడు. బరువు ఎక్కువ, పైగా తడి టైల్స్ మీద నాన్న నడుస్తుంటే నాకు టెన్షన్.

చివరికి నాన్న మనసుపడింది నేను లెక్కలోకే తీసుకోని సంగతికి. ఒకదాని ముందు చిన్న లైటు ఉంది. వెలిగించగానే అద్దంలా కనిపించిన షాపు నేల మీద దుమ్ము గీతలు గీతలుగా తేలింది. కేటరాక్ట్ ఆపరేషన్ అయ్యాక కూడా ఆయనకి నేల మీద నుసి సరిగ్గా ఆనదు. "ఇంత దుమ్ములో కూర్చున్నారేటి బాబూ" అని కుర్రాడిని పరామర్శించారు. బరువు కిలోన్నర, బటన్ సరైనదే, టైల్స్‌కి పనికొచ్చే మెత్తటి రోలర్ ఉంది. పీల్చే శక్తి కాస్త తక్కువే, డబ్బా చిన్నది, తనంతట తాను నిలబడదు. 14 వేలు. తీసుకున్నాం.

గోడకి స్టాండు బిగించడానికి ఎలక్ట్రీషియన్ సాయంత్రం వచ్చాడు. కింది ప్లగ్గు పక్కన పెడతానన్నాడు. వంగక్కర్లేకుండా ఉండాలనేగా ఈ తిప్పలన్నీ! డైనింగ్ టేబుల్ పక్కన, స్విచ్‌బోర్డు ఎత్తులో పెట్టించాను. ఫిల్టర్ కడిగితే ఒక రోజంతా ఆరబెట్టాలి, తడిగా ఉండగా పెట్టకూడదని దాని మీదే తెలుగులో పెద్దక్షరాలతో రాసి అతికించాను.

దీపం పెట్టాక ఊడవకూడదంటారు, దీనికీ వర్తిస్తుందా అని నాన్నకి అనుమానం వచ్చింది. నేను నోరు తెరిచేలోపే, "ఇది బయటికి తొయ్యదు కదా, లోపలికి లాక్కుంటుంది. లక్ష్మి ఎక్కడికి పోతుంది?" అని తీర్పు కూడా ఆయనే చెప్పేసి హాలంతా ఒక చుట్టు తిప్పారు.

తర్వాత పనమ్మాయికి ఫోన్ చేసి, ఇకపై తడిగుడ్డ పెడితే చాలన్నారు. జీతం తగ్గిస్తారా అని అడిగింది ఆ అమ్మాయి. "లేదు, రాని రోజులు తగ్గించు" అన్నారు నాన్న.