మోకాలి లోతు సముద్రం

బెజవాడలో ఎక్కిన బందరు పాసింజర్ టికెట్టు టీ, సమోసా డబ్బుల్లోనే అయిపోయింది. గుడివాడ వచ్చిందీ పోయిందీ తెలియనంత నిద్ర. పెడన దాటాక లేచాను. రైలు బందరు దాటి ముందుకు పోదు కాబట్టి దిగడానికి ఎవరికీ తొందర లేదు.

తొందరంతా స్టేషన్ బయట ఆటోవాళ్లదే. మంగినపూడి బీచ్‌కి రానూపోనూ ఆరొందలట! ఉన్నది పట్టుమని పన్నెండు కిలోమీటర్లు. "వెయిటింగ్ కూడా కలిపే చెప్పానండీ" అన్నాడు, పైగా నాకే మేలు చేస్తున్నట్టు. ఐదొందలకి ఒప్పుకున్నాడు గానీ దారి పొడుగునా మొహం మాడ్చుకునే ఉన్నాడు.

నేను విశాఖలో పెరిగినవాణ్ణి. సముద్రం విషయంలో కాస్త పొగరు. ఇక్కడ చూస్తే నీళ్లు బురద రంగు, ఒడ్డున ఇసక బదులు నల్లమట్టి. కాలు పెడితే చీలమండ దాకా దిగబడింది, చెప్పు లోపలే ఉండిపోయింది. దీనికా ఐదొందలు అనుకుంటూ చెప్పు పీక్కుని, పాంటు మడిచి నడిచాను. యాభై అడుగులు, వంద, రెండొందలు... నీళ్లు మోకాలు దాటవే! అల కూడా వచ్చి పిక్కల్ని తడిమి పోతోంది, అంతే. ఆర్కే బీచ్‌లో మా నాన్న నా మణికట్టు ఎర్రబడేలా పట్టుకునేవాడు. పాదాలు తడిస్తే చాలు, వెనక్కి లాగేవాడు. నలభై ఏళ్లొచ్చాక మొదటిసారి భయం లేకుండా సముద్రంలో అంత దూరం వెళ్లాను. వెనక్కి చూస్తే ఆటో అగ్గిపెట్టంత ఉంది.

ఆ లోతు లేకనే కదా, 1611లో ఇక్కడ వర్తక కోఠీ పెట్టిన ఇంగ్లీషువాళ్ల ఓడలు కూడా దూరాన లంగరేసుకుని, సరుకు పడవల్లో చేరవేసుకునేవి. ఇప్పుడు పోర్టు కడుతున్నారుగా, మరి ఓడలెలా వస్తాయని ఆటో అతన్ని అడిగాను. "తవ్వుతున్నారు కదండీ!" అన్నాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు. అక్కణ్ణుంచి ఊరు దాకా స్థలాల రేట్లే చెప్పాడు.

బందరులో డచ్చివాళ్ల సమాధులు చూడాలనుకున్నాను, టైం చాల్లేదు. లడ్డూ మాత్రం వదల్లేదు. శనగపిండితో పూస వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో మళ్లీ దంచే తొక్కుడు లడ్డు. పంటికింద బూందీ తగలదు, నాలిక మీదే కరిగిపోతుంది. ఇంటికని కొన్న అరకిలోలో రెండు గుడివాడ రాకముందే అయిపోయాయి.

మూడోది తీస్తుంటే ఎదురు సీట్లో పెద్దావిడ ఎండిన బురదతో బిగుసుకుపోయిన నా పాంటు అంచు చూసి, "మంగినపూడి నుంచా బాబూ?" అని, తన సంచి మెల్లిగా అటు జరుపుకుంది.