ఓహలా అబ్లారా

మాడ్రిడ్ వచ్చేటప్పటికి మా అమ్మాయికి ఐదేళ్ళు. ఇప్పుడు పద్నాలుగు. స్పానిష్ తనకి మంచినీళ్ళ ప్రాయం. నేను మాత్రం సాయంత్రం క్లాసులకి వెళ్ళి బి2 (మధ్యస్థాయిలో పై మెట్టు) దాకా వచ్చి, ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్ దగ్గర, అంటే ఊహలకీ కోరికలకీ వాడే ఒక క్రియారూపం దగ్గర ఆగిపోయాను.

మొన్న చపాతీ పిండి కలుపుతుంటే తనే నేర్పింది. "ముందు 'అబ్లారోన్' అనుకో అమ్మా, వాళ్ళు మాట్లాడారు అని. చివర 'రోన్' తీసేసి 'రా' పెట్టు." అంతే, నేను, నువ్వు, ఆమె, మేము, మీరు, వాళ్ళు వరసలో: అబ్లారా, అబ్లారాస్, అబ్లారా, అబ్లారామోస్, అబ్లారాయిస్, అబ్లారాన్. ఏ క్రియకైనా ఇదే దారి. నొక్కు 'బ్లా' మీదే పడాలి. నేను అలవాటుగా చివరి 'రా' మీద నొక్కితే "అది రేపు మాట్లాడతాడు అని అయిపోతుంది" అంటూ మూడుసార్లు దిద్దింది.

తెలుగులో నేనైనా నువ్వైనా వాళ్ళైనా 'మాట్లాడితే' ఒక్కటే. అమ్మమ్మ ఫోన్లో మాట్లాడితే, అమ్మమ్మ స్పానిష్ మాట్లాడితే: మొదటిది రోజూ జరిగేది, రెండోది ఊహ. మాట మాత్రం మారదు. స్పానిష్‌లో ఆ ఊహకి 'సి అబ్లారా' అని వేరే రూపం ఉంది ('సి' అంటే 'ఒకవేళ').

వాక్యం చెప్పమంటే నాకు వెంటనే తోచింది ఒకటే. వచ్చిన ఏడాది స్కూల్లో ఒక టీచర్ ఇంట్లో కూడా స్పానిషే మాట్లాడమన్నారు. 'కెరీయా కె అబ్లారామోస్ ఎస్పాన్యోల్.' మేం మాట్లాడాలని ఆవిడ కోరిక. పిల్ల వెనకబడిపోతుందేమోనన్న టెన్షన్‌లో రెండేళ్ళు అలాగే చేశాం. తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేస్తే పిల్ల 'ఊ', 'ఆ' దగ్గరే ఆగిపోవడం అప్పుడే మొదలైంది. ఆ రెండేళ్ళ గురించి నాకు ఇప్పటికీ బాధే.

తర్వాత తన నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాసి చూపించింది: 'ఓహలా అబ్లారా తెలుగు కోమో మి అబ్వేలా.' అమ్మమ్మలా తెలుగు మాట్లాడగలిగితే ఎంత బాగుండు అని. ఆ 'ఎంత బాగుండు'కే 'ఓహలా'. నేను, ఆమె రెండింటికీ అబ్లారాయే కదా, అందుకే "ఎవరు?" అని అడిగాను.

"నేనే" అంది, తెలుగులోనే.

ఓహలా తర్వాత 'అబ్లారా' అంటే జరగడం కష్టమని. అదే క్రియకి వర్తమాన రూపం 'అబ్లే' అంటే జరగొచ్చన్న ఆశ ఉన్నట్టు. చెయ్యి కడుక్కుని, పెన్సిల్ తీసుకుని 'అబ్లారా' కొట్టేసి 'అబ్లే' అని రాశాను.

కాసేపు చూసి, "ఇదీ కరెక్టే" అంది.

"అయితే ఇవాళ్టి నుంచి రాత్రి అన్నాల దగ్గర తెలుగే."

"సరే. నాన్న కూడా."