నీళ్లు నిలిచే మూలలో గడ్డి పెంచాను - నా అనుభవం

మా పెరట్లో కుళాయి పక్కన ఒక మూల ఉంది, ఎప్పుడు చూసినా చిత్తడే. మట్టి ఎత్తు చేసి చూశాను, చిన్న కాలువ తీసి చూశాను, మళ్లీ అదే బురద. అక్కడ పెట్టిన మందారం నెల తిరక్కుండానే పోయింది, తర్వాత పెట్టిన చామంతి ఇంకా తొందరగా పోయింది. ఇక ఆ మూలని వదిలేద్దామనుకున్న టైంలో కొలను గట్టున గాలికి ఊగుతున్న గడ్డి ఫోటో ఒకటి చూశాను. గడ్డికేముంది, ఎక్కడైనా బతికేస్తుంది కదా అని పొడుగ్గా కుచ్చుల్లాంటి కంకులేసే ఫౌంటెన్ గ్రాస్ తెచ్చి నాటేశాను.

అదీ పోయింది. పోతూ పోతూ నన్ను బాగా ఏమార్చింది కూడా. ఆకులు వాడి పసుపెక్కుతుంటే నీళ్లు చాలట్లేదేమో అనుకుని ఇంకో చెంబు పోసేదాన్ని. నీళ్లు లేక వాడిన మొక్కా, నీళ్లెక్కువై వాడిన మొక్కా పైకి ఒకేలా కనిపిస్తాయని అప్పటికి నాకు తెలీదు. చివరికి పీకి చూస్తే వేళ్లు గోధుమ రంగుకి తిరిగి, వేలితో పట్టుకుని లాగితే పైతోలు ఊడొచ్చి సన్నటి దారం మిగిలింది. ఆ గడ్డి సజ్జకి దగ్గర చుట్టమట. ఆ సంగతి ముందే తెలిసుంటే సజ్జ చేలో నీళ్లు నిలబెడితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించి ఊరుకునేదాన్ని.

వేళ్లకి కూడా గాలి కావాలి, నీళ్లు నిండిన మట్టిలో గాలి ఉండదు, అంతే విషయం. మరి బురదలో బతికేవి ఎలా బతుకుతున్నాయి? దారి పక్క గుంటలో ఉన్న జమ్ము ఆకు ఒకటి అడ్డంగా కోసి చూశాను. లోపల గదులు గదులుగా అంతా ఖాళీయే! పైనుంచి గాలి ఆ ఖాళీల గుండానే వేళ్ల దాకా దిగుతుందన్నమాట. అప్పట్నుంచి నాకో అలవాటైంది, నీళ్లలో పెట్టుకోవచ్చంటూ ఎవరైనా ఏ మొక్క ఇచ్చినా ముందు ఒక ఎండుకాడ కోసి లోపల చూస్తాను. లోపల గదుల్లాగానో బెండులాగానో ఉంటే నాకు కాస్త ధైర్యం.

తర్వాత తెచ్చింది అంబ్రెల్లా పామ్. పేరులో పామ్ ఉంది గానీ అది తాటిజాతీ కాదు, నిజానికి గడ్డీ కాదు, మన తుంగ కుటుంబం. పుట్టిల్లు మడగాస్కర్ వైపు. గడ్డి కాడకి కణుపులుంటాయి, తుంగ కాడ కణుపుల్లేకుండా నున్నగా ఉండి వేళ్ల మధ్య తిప్పితే మూడంచులు తగులుతాయి. అంబ్రెల్లా పామ్‌కి ఆ అంచులు మొద్దుగా ఉంటాయి, అదే కుటుంబంలోని పాపిరస్‌కైతే చూడక్కర్లేదు, తగిలితేనే తెలిసిపోతుంది. ఈ తుంగ సంగతి అమ్మకి చెప్పడం నా పొరపాటు. "పొలంలో తుంగ పీకలేక మేం చచ్చేవాళ్లం, నువ్వు తొట్టి పెట్టి మరీ పెంచుతున్నావా" అని ఇప్పటికీ ఎవరొచ్చినా చెప్పి నవ్వుతుంది.

నేలలో నేరుగా పెట్టకుండా అడుగున కన్నం లేని తొట్టి తీసుకున్నాను, అడుగు లోతుంటుంది. మామూలు కుండీ మిశ్రమమే వేద్దామని కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు దండిగా కలిపేశాను. నీళ్లు పోయగానే కొబ్బరి పొట్టంతా పైకి తేలింది. సరే తీసేశాను. రెండు వారాలకి కుళ్లిన గుడ్డు వాసన మొదలైంది, ఎక్కడో ఎలుక చచ్చిందేమోనని పెరడంతా వెతికాను కూడా. తీరా ఆ తొట్టిలో వేలు పెట్టి మట్టి తీస్తే నల్లగా కాటుకలా ఉంది. గాలి ఆడని నీళ్లలో ఎరువు కుళ్లితే అంతేనట. పైన నీళ్లేమో పచ్చగా పాచి. మొత్తం పారబోసి ఈసారి రెండు వంతులు బంకమట్టి, ఒక వంతు ముతక ఇసుక, పైన రెండు అంగుళాలు గులకరాళ్లు వేశాను. ఎరువు అసలు వేయలేదు. ఈ మొక్కలకి నీళ్లు కావాలి గానీ తిండి యావ పెద్దగా లేదు, ఇప్పటికీ ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు మట్టి లోపలికి ఒక గుప్పెడు బాగా చివికిన ఎరువు నొక్కుతాను, అంతే.

దోమల టెన్షన్ ఒకటి మిగిలింది. గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో దోమ ఎగిరిపోతుంది కాబట్టి వారానికోసారి నీళ్లు మార్చుదాం అనుకున్నాను, రెండు వారాలు మార్చాను, మూడో వారం బద్ధకించాను, తోకలాడిస్తూ పిల్లలు కనిపించాయి. చివరికి తేలిగ్గా పనయ్యే దారి దొరికింది. నీటి మట్టం గులకరాళ్ల పైకి రాకుండా ఒక అంగుళం కిందే ఉండేలా తొట్టి గోడకి చిన్న కన్నం పెట్టాను. ఎక్కువైన నీళ్లు ఆ కన్నం లోంచి పోతాయి, పైకి రాళ్లు తప్ప నీళ్లు కనిపించవు, దోమకి గుడ్లు పెట్టడానికి చోటు లేదు. మొక్కకి తేడా ఏమీ తెలిసినట్టు లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన పని దీన్ని పిల్ల మొక్కలు చేసుకోవడం. కాడ చివర గొడుగులా విచ్చుకునే ఆకుల గుత్తిని నేను గొడుగు అంటాను, బాగా ముదిరిన గొడుగు ఒకటి చూసి, కింద రెండు అంగుళాల కాడ ఉంచి కోయాలి. చుట్టూ ఉన్న ఆకుల్ని కత్తెరతో సగానికి పైగా కత్తిరించెయ్యాలి. తర్వాత దాన్ని తలకిందులుగా, అంటే కాడ పైకి, గొడుగు నీళ్లలోకి ఉండేలా గాజు గ్లాసులో పెట్టాలి. నేను మొదటిసారి నమ్మలేక ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా పక్కపక్కనే పెట్టాను. నిటారుగా పెట్టింది ఎండింది. రెండోదానికి పదో రోజుకి ఆకులన్నీ కలిసే చోట తెల్లటి చుక్కల్లా వచ్చాయి, ఇంకో వారానికి అవి వేళ్లయ్యాయి, వాటి మధ్యలోంచి సూదిలాంటి పచ్చటి మొలక బయల్దేరి నీళ్లలోంచి పైకి వంపు తిరిగింది. బురదలో ఈ కాడలు బరువుకి వంగి తల నీళ్లకి తగిలిన చోటే వేళ్లూనుకుంటాయి, మనం గ్లాసులో చేసేదీ అదే. కోసిన కాడ మాత్రం మళ్లీ చిగురించదు, కొత్తవి దుంప నుంచే రావాలి, అందుకని ఎండినవాటిని సగానికి కాకుండా మొదలంటా కోస్తాను.

ఆ ఊపులో పాపిరస్ కూడా తెచ్చాను. పూర్వం ఈజిప్టులో కాగితం చేసింది దీని కాడల బెండుతోనే. మనిషి ఎత్తు దాటి చాలా అందంగా ఉంది గానీ మొదటి గాలివానకే సగం కాడలు నడుం విరిగి పడ్డాయి. గాలి తగలని గోడ వారకి జరిపాక ఫరవాలేదు. చారల ఆకుల అకోరస్ కూడా ఉంది, ఇది వస కొమ్ముకి చెల్లెలు, ఆకు నలిపితే అదే ఘాటు. కానీ మిట్టమధ్యాహ్నం ఎండకి దాని కొసలు మాడిపోతున్నాయి, నీడకి మార్చినా పూర్తిగా ఆగలేదు, దానితో ఇంకా కుస్తీ పడుతున్నాను.

రెండో ఏడు అంబ్రెల్లా పామ్ వేళ్లు ఒత్తి తొట్టి అంచు చీల్చేశాయి. బయటకి తీస్తే మట్టి ఎక్కడా కనబడలేదు, అంతా వేళ్ల ముద్ద. కత్తికి లొంగక రంపంతో కోసి నాలుగు ముక్కలు చేశాను. ఇలాంటి మొక్కని నేలలో నాటనందుకు అప్పుడు సంతోషించాను, మిగిలిపోయిన ముక్కల్ని కాలవలోనో చెరువులోనో పడేయకండి, అక్కడ విత్తనాలతో సహా అల్లుకుపోయి మిగతా మొక్కల్ని బతకనివ్వదు. నేనైతే ఎండలో పడేసి కరకరలాడేదాకా ఎండబెట్టాను. మూడు ముక్కలు అలా పోయాయి, నాలుగోది కొత్త తొట్టిలో అదే మూలలో ఉంది. అమ్మ వచ్చినప్పుడల్లా దాని పక్కనే చేతులు కడుక్కుని, మిగిలిన చెంబుడు నీళ్లు అందులోనే పోస్తోంది.