సిరా సంతకం కోసం ఆరు రోజులు

నిన్న సాయంత్రమే పని అయింది. ఇంకా ఒళ్లు మండుతోంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

నా పీహెచ్‌డీ షదార్‌ల మీద. అంటే జెరూసలేం, హెబ్రోన్, సఫేద్, టిబేరియాస్‌లలోని పేద యూదుల కోసం దేశాలు పట్టి తిరిగి చందాలు పోగుచేసిన దూతలు, రబ్బీలు (యూదు మత గురువులు). వాళ్లలో నాకు బాగా నచ్చినవాడు హాయిమ్ యోసెఫ్ దావిద్ అజులాయ్, అందరూ హిదా అంటారు. హెబ్రోన్ తరఫున 1753లో బయల్దేరి ఇటలీ, జర్మనీ, హాలండ్, ఇంగ్లండ్ చుట్టి 1758లో ఇల్లు చేరాడు. 1772లో మళ్లీ వెళ్లాడు. ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరు మొహం చాటేశారో డైరీలో దాచకుండా రాసుకున్నాడు.

వీసా, టికెట్, రూము అన్నీ సాఫీగా అయ్యాయి. అసలు కథ యూరప్‌లోని ఆ లైబ్రరీ గుమ్మం దగ్గర (పేరెందుకు లెండి).

కౌంటర్‌లో ఆవిడ మా గైడ్ గారి ఉత్తరాన్ని లైటు కేసి ఎత్తి చూసి, "ఇది ప్రింటవుట్, సిరా సంతకం కావాలి" అంది. ఆయనకి మెయిల్ పెట్టి కనుక్కోండి అన్నాను. "ఆ మెయిల్ మీది కాదని ఏమిటి నమ్మకం?" అంది. వెనక క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. పదేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, దొంగ సర్టిఫికెట్‌తో దొరికిపోయిన కుర్రాడిలా నిలబడ్డాను.

షదార్ చేతిలో ఉండేదీ కాగితమే. ఊళ్లో రబ్బీలు సంతకాలు చేసిచ్చిన ఉత్తరం ఒకటి, ఎక్కడ ఎంత వసూలైందో రాయించుకునే పద్దు పుస్తకం ఒకటి. దొంగ దూతలు కూడా తిరిగేవాళ్లు కాబట్టి పరాయి ఊరి పెద్దలు అనుమానించడంలో తప్పులేదు. అనుమానించండి, కానీ మనిషిని కూర్చోబెట్టి అనుమానించండి!

గైడ్ గారికి ఫోన్ చేస్తే "ఇంకా ఆ కాలంలోనే ఉన్నారటయ్యా వాళ్లు?" అని విసుక్కుంటూనే కొరియర్ చేశారు. వెళ్లేవాళ్లు రెండు ఒరిజినల్స్ తీసుకెళ్లండి, డిపార్ట్‌మెంట్ స్టాంపు తప్పనిసరిగా వేయించండి. స్టాంపు చూడగానే ఆవిడ మొహం వికసించింది.

రాషీ లిపి (హీబ్రూ అక్షరాల్లోనే ఒక పాత శైలి) నేను మూడు వారాల్లో, గురువు లేకుండా నేర్చుకున్నాను, చెప్పుకోవాలి కదా. ఆరో రోజు ఫైలు తెచ్చిచ్చారు. ఒక దూత ఉత్తరం. సంతకాల దాకా ఉత్తరమంతా బాగానే చదివాను. కింద ఏడు సంతకాలు, సెఫార్దీ (స్పెయిన్ మూలాలున్న యూదుల) పద్ధతిలో తీగలు తీగలుగా మెలికలు తిరిగి.

గంటసేపు చూశాను. ఒక్క పేరూ చదవలేకపోయాను.