గ్రాంటు బడ్జెట్‌లో పద్నాలుగు చేతి గడియారాలు

అమెరికాలోని ఒహాయోలో నేను అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. సాయంత్రాలు, శనివారాలు మా కౌంటీలోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు కోశాధికారిని. వృద్ధాశ్రమాల్లో నర్సులకు సహాయకులుగా చేరాలనుకునే ఆడవాళ్లకు మేము ఉచితంగా శిక్షణ ఇప్పిస్తాం. ఈ పనికి ఫెడరల్ నిబంధనల ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. అందులో 16 గంటలు పర్యవేక్షణలో స్వయంగా చేసి నేర్చుకోవాలి. ఆ తర్వాత పరీక్ష పాసవాలి.

డబ్బు కోసం మేము ఒక కమ్యూనిటీ ఫౌండేషన్ తలుపు తట్టాం. ఒక ప్రాంతంలోని దాతల విరాళాలనూ, వీలునామాల్లో రాసిచ్చిన ఆస్తులనూ ఒక్కచోట శాశ్వత నిధిగా ఉంచి, దానిపై వచ్చే రాబడిని ఆ ప్రాంతానికే ఖర్చుపెట్టే సంస్థ ఇది. ఇలాంటిది ప్రపంచంలో మొదట పుట్టింది మా రాష్ట్రంలోనే. 1914లో క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు దాన్ని మొదలుపెట్టాడు. ఎప్పుడో చనిపోయిన దాత పెట్టిన షరతు కాలం చెల్లిపోయినా డబ్బు దానికే కట్టుబడి నిరుపయోగంగా పడి ఉండకూడదని, ఏ కాలానికి ఏది అవసరమో అప్పటివాళ్లే తేల్చుకోవాలని ఆయన ఆలోచన. దాని విలువ నాకు తర్వాత అర్థమైంది.

మొదటిసారి మా దరఖాస్తును తిరస్కరించారు. కాగితాల్లో లోపం లేదు. పన్నుల శాఖ ఇచ్చిన మినహాయింపు పత్రం, చిన్న స్వచ్ఛంద సంస్థలు పన్నుల శాఖకు ఏటా ఇచ్చే లెక్కల పత్రం ఫారం 990-ఈజెడ్, బోర్డు సభ్యుల జాబితా, బోర్డు తీర్మానం అన్నీ జతచేశాను. ఆ తీర్మానం గురించి అమ్మకు ఫోనులో చెబితే ఆమెకు వెంటనే అర్థమైంది. కృష్ణా జిల్లాలోని మా ఊళ్లో పొదుపు సంఘానికి ఆమె రెండో లీడరు. "తీర్మానం లేకపోతే మాకూ బ్యాంకులో రూపాయి పుట్టదమ్మా" అంది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలను చూసి బ్యాంకు సంఘాన్ని ఎలా బేరీజు వేస్తుందో, ఫౌండేషన్ కూడా మమ్మల్ని దాదాపు అలాగే బేరీజు వేస్తుంది.

కారణం అడుగుదామని ఫోను చేశాను. ఈ పని అందరూ చేయాలి, చాలామంది మొహమాటపడి మానేస్తారు. ఫౌండేషన్ అధికారిణి ఓపిగ్గా మాట్లాడారు. మా దరఖాస్తులో పద్నాలుగు మంది చేరారని, ఎనిమిది మంది పూర్తిచేశారని రాశాం. ఆమె ఒక్కటే అడిగారు: "మిగతా ఆరుగురూ ఎందుకు మానేశారు?"

నా దగ్గర జవాబు లేదు. మేము వాళ్లను అడగనేలేదు.

రెండు వారాలపాటు ఆరుగురికీ ఫోను చేశాను. ఇద్దరు ఎత్తలేదు. ఒకామెకు వృద్ధాశ్రమంలో శిక్షణ ఉదయం ఆరున్నరకు మొదలవుతుంది, రెండు బస్సులు మారాలి, మొదటి బస్సు ఎక్కినా సమయానికి చేరలేదు. ఇంకొకామె బిడ్డను ఉంచే కేంద్రం ఏడింటికి గానీ తెరవరు. మరొకామెది భయం. జీతం వస్తే ఫుడ్ స్టాంపులు అనే ప్రభుత్వ తిండి సహాయం, పిల్లల సంరక్షణ రాయితీ పోతాయేమో, వచ్చేదానికంటే పోయేదే ఎక్కువవుతుందేమోనని. ఆ భయం అర్థం లేనిది కాదు. ఆదాయం ఒక హద్దు దాటగానే సహాయాలు తగ్గిపోతాయి, ఒక్కోసారి ఒక్కసారిగా ఆగిపోతాయి.

ఆరో ఆమె చెప్పింది విన్నాక ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాడి లెక్కపెట్టడం నేర్పే రోజు సెకన్ల ముల్లు ఉన్న గడియారం తెచ్చుకోమన్నారట. శిక్షణ జరిగే చోట ఫోను వాడనివ్వరు. ఆ వారం చేతిలో ఉన్న డబ్బు అద్దెకు పోయింది. గడియారం లేదని అందరి ముందు చెప్పలేక మర్నాటి నుంచి రావడం మానేసింది. అప్పటికి ఆమె 40 గంటల శిక్షణ పూర్తిచేసింది. పాఠాల్లో అందరికంటే చురుకైన మనిషి.

రెండో దరఖాస్తుకు ఆ మాటల ఆధారంగానే బడ్జెట్ రాశాను. బస్సు పాసులు, తొలి బస్సు అందనివాళ్లకు టాక్సీ, బిడ్డల సంరక్షణ, యూనిఫారాలు, బూట్లు, పరీక్ష రుసుము, పద్నాలుగు చేతి గడియారాలు. సహాయాల లెక్క ఒక్కొక్కరికీ విడిగా కూర్చుని చూపించడానికి ఒక ఆర్థిక సలహాదారు సమయానికయ్యే ఖర్చు కూడా అడిగాను. బోర్డులో కొందరు గడియారాల పద్దు తీసేయమన్నారు, చూసేవాళ్లకు చిల్లరగా కనిపిస్తుందని. నేను ఒప్పుకోలేదు. పాఠం చెప్పే గంటకు జీతమిచ్చి, ఆ పాఠం దాకా మనిషి చేరడానికయ్యే ఖర్చును వదిలేస్తే ఆ జీతం కూడా వృథాయే. ఆఫీసు అద్దె, లెక్కల ఖర్చు కూడా దాచకుండా చూపించాను.

పన్నుల సీజన్‌లో ఒక శనివారాన్ని కూడా అందులో చేర్చాను. పన్నుల శాఖ శిక్షణ పొందిన వాలంటీర్లు తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల రిటర్నులు ఉచితంగా వేసే కార్యక్రమం ఉంది, దాన్ని వీటా అంటారు. పనిచేసే పేద కుటుంబాలకు ఈఐటీసీ అనే పన్ను క్రెడిట్ వస్తుంది, అంటే కట్టాల్సిన పన్ను తగ్గుతుంది, మిగిలితే డబ్బు చేతికొస్తుంది. అర్హత ఉండి దాఖలు చేయనివాళ్లు గత మూడేళ్లదీ అడగవచ్చు. మా తరగతిలో ఇద్దరికి ఆ సంగతే తెలియదు. నా వృత్తి నిజంగా ఎవరికి అవసరమో ఆ శనివారం చూశాను.

మొదట రెండు పేజీల ఆసక్తి లేఖ, తర్వాత పూర్తి దరఖాస్తు, ఆ తర్వాత కమిటీవాళ్లు వచ్చి తరగతి చూసి వెళ్లారు. అన్నీ కలిపి ఐదు నెలలు పట్టింది. అడిగినదాంట్లో కొంత తగ్గించి ఇచ్చారు. తగ్గించినవాటిలో గడియారాలు లేవు.

కొత్త బ్యాచ్‌లో పద్నాలుగు మందికి పన్నెండు మంది పూర్తిచేశారు. ఆ నలభై గంటల ఆమె మళ్లీ చేరింది. నాడి పాఠం రోజు నేను వెళితే నా మణికట్టు పట్టుకుని నిమిషం నిండే దాకా కళ్లు ఎత్తలేదు. "డెబ్బై ఎనిమిది" అని కాగితం మీద రాసి, సరిచూసుకోవడానికి ఇంకోసారి లెక్కపెట్టింది.

ఆరు నెలల నివేదికలో మిగిలిన వస్తువులు రాయమంటే, గడియారం ఒకటి అని రాశాను. ఒకామెకు సొంతది ఉంది. మిగిలినదాన్ని ఆఫీసు సొరుగులో వచ్చే బ్యాచ్ కోసం ఉంచాం.